ఐదూ నలభై బస్సు

"ఆ సంతకమేదో ఇప్పుడే పెట్టించేసుకోండి వదినా. పిల్లకి ఊరు చూపించడం ఎందుకు, దాన్ని అడగడం ఎందుకు, ఈ నాటకమంతా ఎందుకు?" అన్నాను.

ఇంకా చెప్పులైనా విప్పలేదు. శనివారం పొద్దున తొమ్మిదింటికి, నాలుగు గంటలు బస్సులో ఊగి ఊగి వచ్చి, మా ఆడపడుచు ఫ్లాటు గుమ్మంలో నిలబడి ఉన్నాను. లోపల బల్ల మీద స్కూలు అప్లికేషను కనిపిస్తోంది. దాని మీద కళ్ళజోడు డబ్బా బరువు పెట్టారు. కాగితం ఎగిరిపోతుందని కాదు, రాగానే నా కంట పడాలని.

"నెమ్మదమ్మా, పిల్ల వింటుంది," అంది వదిన.

పిల్ల వినడం లేదు. నాకన్నా ముందే లోపలికి పరిగెత్తి, బాల్కనీలో వాళ్ళ నాన్న భుజాలెక్కి ఎదురు భవనం అంతస్తులు లెక్కపెడుతోంది. పధ్నాలుగు దగ్గర తప్పిపోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టింది. దానికి ఏడేళ్ళు. పుట్టినప్పటి నుంచీ వాగుతూనే ఉంది కాబట్టి వాళ్ళ నాన్న దానికి ‘గిలక’ అని పేరు పెట్టాడు. లిఫ్టు మెకానిక్కుకి కూతురి మీద ముద్దొస్తే అంతకన్నా మంచి పేరు ఎక్కడ తడుతుంది!

"నాటకం అంటావేమిటి? నువ్వు ఒప్పుకున్నదేగా?" అంది వదిన.

ఒప్పుకున్నాను. ఫోన్లోనే అయిపోయింది ఒప్పందం. రెండు రోజులు ఈ మహానగరం చూపిస్తాం. ఆదివారం సాయంత్రం ఐదూ నలభై బస్సు ఎక్కేముందు అడుగుతాం, ఇక్కడ ఉంటావా అని. ఉంటానంటే వాళ్ళ నాన్న దగ్గర, మేనత్త దగ్గర ఉండి చదువుకుంటుంది. ఉండనంటే నాతో వచ్చేస్తుంది. వదిన నర్సుగా పనిచేసే స్కూల్లోనే ఒక సీటు ఖాళీ అయింది. సోమవారం పొద్దున్నే ఫారం ఇవ్వాలి, తల్లిదీ తండ్రిదీ ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఈలోగా ఎవరూ పిల్లకి ఆశ పెట్టకూడదు, బెదిరించకూడదు, దాని ముందు ఏడవకూడదు. ఏడవకూడదన్నది వదిన చేర్చింది. ఎవరి కోసమో వేరే చెప్పాలా?

"ఇంకొక్క మాట," అంది వదిన గొంతు తగ్గించి. "నువ్వు ఇక్కడ ఉండవన్న సంగతి ముందే ఎత్తకు. అమ్మ ఉండదంటే ఏ పిల్లయినా బావురుమంటుంది. అప్పుడిక ఊరు నచ్చిందో లేదో మనకెలా తెలుస్తుంది చెప్పు?"

న్యాయంగానే వినిపించింది. ఈ మూడు వారాలుగా నాకు ఎవరేం చెప్పినా న్యాయంగానే వినిపిస్తోంది.

నేను మా ఊరి బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేస్తాను. ఏ బస్సు ఎన్నింటికి కదలాలి, ఏ డ్రైవరు ఎక్కడ దిగాలి, ఎవరికి ఎంతసేపు విశ్రాంతి, అంతా నా చేతి రాతే. తెల్లవారుజామున నాలుగున్నరకి మొదటి బస్సు. నేను నాలుగింటికే ఉండాలి. ఇన్నాళ్ళూ కింది వాటాలో ఉండే టైలరమ్మ వచ్చి పిల్ల పక్కన పడుకునేది. మూడు వారాల క్రితం ఆవిడ ఇల్లు మారింది. మనిషి దొరికేదాకా నాలుగు రోజులేగా అని, "లోపల గడియ పెట్టుకుని పడుకో తల్లీ, ఆరింటికల్లా వచ్చేస్తా" అని చెప్పి వెళ్ళాను. మూడో రోజు ఐదింటికి అది గడియ తీసుకుని, చెప్పులైనా లేకుండా, రాత్రి గౌనుతో, పెద్ద రోడ్డు దాటుకుని నడిచి డిపో గేటు దగ్గరికి వచ్చేసింది. "ఇది మీ పిల్లేనా మేడం?" అని గేటు కాపలాదారు ఎత్తుకొచ్చి నా బల్ల మీద కూచోబెట్టాడు. ముప్ఫై మంది డ్రైవర్లు చూశారు.

సాయంత్రానికి ఆయనకి తెలిసిపోయింది. ఎనిమిది నెలల క్రితం, ‘నీకు బస్సులే మొగుళ్ళు’ అని ఒక మాట అనేసి ఈ ఊరికి ఉద్యోగం మార్చుకుని వచ్చేసిన మనిషి. ఫోను చేసి ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడితే బాగుండేది. తిరిగి తిట్టేదాన్ని. "పిల్లని ఇక్కడికి పంపించెయ్" అన్నాడు, అంతే.

ఆ రోజు నుంచీ నాకు ఏదీ తగలడం లేదు. వేడి గ్లాసు పట్టుకుంటే చెయ్యి కాలిందన్న సంగతి కాసేపయ్యాక తెలుస్తోంది.

"నాన్నా! దింపు, దింపు! టైమైపోతోంది!" అని బాల్కనీలోంచి పరిగెత్తుకొచ్చింది గిలక. నా సంచిలోంచి కాగితం లాగి వాళ్ళ నాన్న మొహం మీద ఆడించింది. "అమ్మ మనకి కూడా డ్యూటీ చార్టు వేసింది తెలుసా? నేను కండక్టర్ని. తొమ్మిదీ ముప్ఫై అయిదుకి ఇంట్లోంచి కదలాలి. అత్తా, నీకు డ్యూటీ లేదు, నువ్వు వీక్లీ ఆఫ్."

వదిన నవ్వింది. ఆయన చార్టు తీసుకుని చూశాడు. ఆయనకి శుక్రవారమే ఫోటో తీసి పంపాను. అయినా కొత్తగా చూస్తున్నట్టు పైనుంచి కిందిదాకా చదివాడు. చదివి నావైపు చూశాడు. ఏదో అంటాడనుకున్నాను. మడిచి పిల్ల చేతిలో పెట్టేశాడు.

తొమ్మిదీ నలభై రెండుకి బస్సు వచ్చింది.

"అమ్మా, కరెక్టుగా నలభై రెండు! ఈ ఊరి బస్సులు కూడా నీ మాట వింటున్నాయి!"

వినక ఏం చేస్తాయి? వారం రోజులు ఈ ఊరి డిపోలకి ఫోన్లు చేసి, తోటి చార్టులవాళ్ళని బతిమాలి, ఏ రూట్లో ఏ గంటకి రద్దీ ఎంతో రాబట్టాను. మ్యూజియానికి స్కూలు పిల్లల బస్సులు పదిన్నరకి వస్తాయట. మేం పదీ ఐదుకి వెళ్ళాం. ఇరవై ఐదు నిమిషాలు ఆ పెద్ద హాలంతా మాదే. పైన తిమింగలం ఎముకల గూడు వేలాడదీశారు. గిలక దాని కింద వెల్లకిలా పడుకుని పక్కటెముకలు లెక్కపెట్టింది. కాపలా ఆవిడ వద్దనకపోగా, "అటువైపు పడుకో పాపా, తోక కూడా కనిపిస్తుంది" అంది.

"నాన్నా, నువ్వు రోజూ వస్తావా దీన్ని చూడ్డానికి?"

"ఇదే మొదటిసారి."

"ఎనిమిది నెలల్నుంచి ఈ ఊళ్ళోనే ఉన్నావుగా! ఏం చేశావు మరి?"

ఆయన నన్ను చూశాడు. నేను తోక చూశాను.

మధ్యాహ్నం పడవ. పన్నెండూ పదిది ఎక్కి ఎడమవైపు కూచోవాలి, కుడివైపయితే ఎండ. తిండి అంతకు ముందే, ఇంకా ఆకలి వేయకముందే పెట్టెయ్యాలి. ఆకలేశాక పెడితే పిల్లలు తినరు, పేచీ పెడతారు. డ్రైవర్లూ అంతే.

ఆయన నాకొక్కదానికే వినబడేలా, "కాళ్ళు నొప్పులా?" అన్నాడు.

"మీకెందుకు?"

పెళ్ళయిన కొత్తలో ‘మీరు’ అనేదాన్ని. పిల్ల పుట్టాక ‘నువ్వు’లోకి దిగాను. ఈ ఎనిమిది నెలల్లో మళ్ళీ ‘మీరు’ అయిపోయాడు. ఈసారి అందులో గౌరవం లేదని ఆయనకీ తెలుసు.

"ఊరికే అడిగాను," అన్నాడు.

"ఊరికే అడిగేవాటికి నేను జవాబులు చెప్పను."

పడవ ఒడ్డు చేరేదాకా, మధ్యలో కూచున్న పిల్ల మా ఇద్దరికీ చెరో చెయ్యి ఇచ్చి, చెరోవైపుకీ వంతుల వారీగా కబుర్లు చెప్పింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వదిన కిటికీ పక్క మంచం సర్దింది. కొత్త దుప్పటి, దాని మీద చిన్న దిండు, పక్కనే చదువుకునే దీపం.

"ఎవరికీ ఆశ పెట్టకూడదనుకున్నాం కదా వదినా?"

"ఇది ఆశేమిటమ్మా, దీపం," అంది.

"రేటు చీటీ ఇంకా వేలాడుతోంది."

"ఉన్నమాట అంటే ఉలుకు అనుకోకు గానీ, నీ ఇంట్లో పిల్లకి మనిషి లేకపోయె, నా ఇంట్లో దీపం ఉంటే తప్పొచ్చిందా?"

అది సూటిగా తగలాల్సిన మాట. తగల్లేదు. వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాను. బయట ఆయన, "అక్కా, ఆ మాట ఎందుకు?" అంటున్నాడు. "నీ కోసమేరా," అంటోంది వదిన. పిల్ల దీపం వేసి ఆర్పి, వేసి ఆర్పి, కిటికీలోంచి ఎవరికో సైగలు చేస్తోంది.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి టవరు. మొదటి లిఫ్టు మాదే. క్యూ లేదు. తలుపులు మూసుకోగానే ఆయన తల ఒక పక్కకి వంచి మోటారు చప్పుడు విన్నాడు. ఏ లిఫ్టు ఎక్కినా అంతే, జబ్బుమనిషి గుండె విన్నట్టు వింటాడు.

"బాగుందా నాన్నా?"

"బాగుంది. బ్రేకు కొంచెం అరిగింది."

"పడిపోతామా?"

"నేనుండగా పడతామా?"

పైన గాలి. ఊరంతా కింద పరుచుకుని ఉంది. గిలక దుర్భిణి దగ్గర నిలబడి, కనిపించిన ప్రతి బస్సు నంబరూ పైకి చదువుతోంది. మేమిద్దరం రెయిలింగు దగ్గర మిగిలాం.

"నిన్నంతా ఎక్కడా క్యూ లేదు," అన్నాడు.

"లేదు."

"ఒక్క బస్సు తప్పలేదు. పిల్ల ఒక్కసారి కూడా కాళ్ళు నొప్పి అనలేదు. నీళ్ళనలేదు, ఆకలనలేదు."

"అననివ్వకుండా చూడ్డమే కదా పని."

రెయిలింగు బోల్టుని బొటనవేలితో రుద్దాడు. "ఈ ఊరు ఇంత బాగుంటుందని నాకే తెలీదు. నాకు తెలిసిందల్లా మోటారు గదులూ, గ్రీజూ. ఎందుకింత బాగా వేశావు చార్టు?"

ప్రశ్న నాకు అర్థం కాలేదు.

"మ్యూజియం పదకొండింటికి పెట్టి ఉంటే గంటసేపు ఎండలో నిలబడేది," అన్నాడు. "పడవలో కుడివైపు కూచుని ఉంటే చాలు. రెండు బస్సులు మారాల్సి వస్తే చాలు. నిన్న మధ్యాహ్నమే ఇంటికి పోదాం అని నీ కొంగు పట్టుకుని ఏడ్చేది. ఈ ఊరంటేనే విరక్తి పుట్టేది దానికి. నీకు తెలీదా?"

తెలుసు. ఏ గంటకి ఏ రోడ్డు నరకమో నాకన్నా తెలిసినవాళ్ళు లేరు. నా దగ్గర ఆ లెక్కలన్నీ ఉన్నాయి. తలకిందులుగా వాడుకుంటే చాలు, పిల్ల నాది. వారం రోజులు ఆ లెక్కల మీదే కూచున్నాను, అయినా ఆ సంగతి నాకు తట్టనే లేదు. పదకొండేళ్ళుగా బస్సు ఆగకుండా, మనిషి అలిసిపోకుండా చార్టు వెయ్యడమే అలవాటైపోయింది. చెడ్డ చార్టు వెయ్యడం నాకు చేతకాదు. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను, అదీ గంటల ప్రకారం, గీతలు కొట్టి మరీ.

"తట్టలేదు," అన్నాను.

"అదే అనుకున్నాను."

"శుక్రవారమే ఫోటో పంపానుగా. అప్పుడే తెలిసిందా?"

"తెలిసింది."

"మరి నువ్వయినా చెప్పొచ్చుగా!" నోరు జారి ‘నువ్వు’ వచ్చేసింది.

"చెప్తే మార్చేస్తావని భయమేసింది," అన్నాడు. "నాకూ పిల్ల కావాలిగా."

కోపం రావాలి. రావాల్సిన చోట ఖాళీగా ఉంది. దొంగతనం చేసినవాడే వచ్చి చేశానని చెప్తుంటే చోద్యం చూస్తున్నట్టు నిలబడ్డాను. వాచీ చూసి అన్నాను, "దిగాక చేపల ఇల్లు. పదీ పదికి బస్సు."

"ఇప్పుడైనా మార్చొచ్చు," అన్నాడు నేలవైపు చూస్తూ.

"చార్టు బయటికి ఇచ్చాక మార్చను."

అది పంతమో, అలవాటో, మతి చలించడమో నాకే తెలీదు. చేపల ఇంట్లో గిలక గాజు గోడకి ముక్కు ఆనించి, "నేను దీని పక్కనే ఉంటాను, మీరు వెళ్ళిపోండి" అంది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను, ఎలా వచ్చిందో మరి.

ఐదూ పదికి బస్టాండు. వదిన ముందే వచ్చి క్యాంటీన్లో మూల బల్ల పట్టింది. ప్లాస్టిక్ కవరులో ఫారం. గిలకకి ఐస్‌క్రీం చెప్పింది.

ఎవరు అడగాలన్నది మాట్లాడుకోలేదు. వదిన తమ్ముడి వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"గిలకా, ఊరు నచ్చిందా?"

"ఊఁ!"

"ఇక్కడే ఉండిపోతావా మరి? అత్త వాళ్ళ స్కూల్లో చదువుకుంటావా?"

"ఉంటాను!" అంది, ఊపిరి కూడా తీసుకోకుండా. "స్కూల్లో లిఫ్టు ఉందా? కిటికీ పక్క మంచం నాది. నాన్న గోడ పక్కన పడుకుంటాడు. అమ్మకి..." చెంచా నోట్లో పెట్టుకుని ఆలోచించింది. "ఆ బీరువా జరిపితే అమ్మకి సరిపోతుంది."

పక్క బల్ల మీద ఎవరో గ్లాసులు ఎత్తుతున్నారు.

వదిన పెన్ను మూత తీసింది. "ఉంటానంది కదా. ఇక కానివ్వండి, బస్సు టైమవుతోంది."

"మనం అడిగినదానికి చెప్పింది వదినా. మనం అడగంది ఇంకొకటి ఉంది."

"ఒప్పందం ఏమిటమ్మా మనది?"

"తెలుసు." పిల్ల వైపు తిరిగాను. "నేను ఇక్కడ ఉండను తల్లీ. నువ్వూ, నాన్నా, అత్తా ఉంటారు. నేను మన ఊళ్ళోనే ఉంటాను. ఇప్పుడు చెప్పు."

అది ఐస్‌క్రీం కప్పు అడుగు గీకింది. అయిపోయినా గీకుతూనే ఉంది.

"అస్సలు రావా?"

"ఆదివారాలు వస్తాను. అన్ని ఆదివారాలూ కుదరదు."

"నేను పొద్దున లేచేసరికి నువ్వుండవా?"

"ఉండను."

"అక్కడా ఉండవుగా," అంది.

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. టైమెంతయిందంటే చెప్పినట్టు చెప్పింది. మూడు వారాలుగా ఎవరు ఏమన్నా తగలని మనిషికి, ఇప్పుడు మాత్రం కాలింది. చేతిలో గ్లాసు కూడా లేదు.

ఫారం లాక్కుని నా గడిలో సంతకం పెట్టాను. చార్టుల కింద పెట్టే సంతకమే, గబగబా. పెట్టి ఆయన వైపు తోశాను.

ఆయన సంతకం పెట్టకుండా చదవడం మొదలెట్టాడు. పేరు, పుట్టిన తేదీ, రక్తం గ్రూపు. చదివి చదివి తలెత్తాడు. "అక్కా, పొద్దున్నే దీన్ని లేపి తయారుచేసేదెవరు?"

"అదేం ప్రశ్నరా? నువ్వే. ఆరింటికల్లా నేను స్టాఫు బస్సెక్కాలి, పిల్లల బస్సు ఏడున్నరకి, తెలుసుగా."

"నేను ఐదింటికే వెళ్తాను. జనం లేవకముందే లిఫ్టులు చూడాలి."

"మరి ఫోన్లో నేనున్నానన్నావు?"

"అప్పుడు అన్నాను," అన్నాడు. పెన్ను మూత పెట్టేశాడు. "నువ్వు తీసుకెళ్ళు," అన్నాడు నాతో.

"నేను సంతకం పెట్టేశాను."

"చూశాను. తీసుకెళ్ళు."

"తీసుకెళ్ళి? మళ్ళీ గడియ పెట్టుకోమని చెప్పి వెళ్ళనా? నీ దగ్గరే ఉండనీ."

"నా దగ్గర మాత్రం ఏముంది? ఆ గంటన్నర దీన్ని ఎవరు చూస్తారు?"

"కింద కాపలావాడికి చెబుదాంలేరా," అంది వదిన.

"కాపలావాడికా!" అన్నాం ఇద్దరం ఒకేసారి. ఎనిమిది నెలల్లో మేమిద్దరం కలిసి అన్న మొదటి మాట అది.

"అయితే నువ్వే ఉంచుకో," అన్నాడు మళ్ళీ.

"నువ్వే ఉంచుకో. పంపించెయ్యమన్నది నువ్వు."

"కన్నదానివి నువ్వు."

"నువ్వు కాదా?"

రెండు రోజులు నాకంటే నాకని గుంజుకున్నవాళ్ళం, ఇప్పుడు నీకంటే నీకని తోసుకుంటున్నాం. గొంతులు పెరిగాయి. క్యాంటీన్ అతను గుడ్డ భుజాన వేసుకుని నిలబడి చూస్తున్నాడు. ఆయన ఫారాన్ని నావైపు తోశాడు, నేను అటు తోశాను. "నలుగురూ చూస్తున్నారే," అని వదిన మధ్యలో చెయ్యి పెట్టింది. బయట కండక్టరు మా ఊరి పేరు పెట్టి కేకేస్తున్నాడు, ఐదూ నలభై, ఐదూ నలభై, ఎక్కేవాళ్ళు ఎక్కండి అని.

"ముందు దాన్నడుగుదాం, ఎవరితో..." అంటూ పక్కకి తిరిగాను.

కుర్చీలో గిలక లేదు. ఖాళీ కప్పు ఉంది, అందులో చెంచా నిలబెట్టి ఉంది.

గుమ్మం అవతల, బస్సు మెట్టు దగ్గర, సంచి వీపుకి తగిలించుకుని నిలబడి ఉంది. తలెత్తి కండక్టరుని మర్యాదగా అడుగుతోంది, "అంకుల్, చిన్నపిల్లల్ని ఒక్కళ్ళనే ఎక్కనిస్తారా?"